పిట్టతో పెళ్లివారింటికి

చేతికందిన సంబంధాన్ని వీధిన పడేయడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. నేను సంబంధాన్నే కాదు, కొత్తగూడెంలో ఒక వరస క్వార్టర్స్ జనాన్నంతా వీధిన పడేశాను.

అప్పట్లో ఖమ్మంలో పోటీ పరీక్షల పిల్లలకు జనరల్ నాలెడ్జ్ చెప్పేవాణ్ని. అక్కడితో ఆగితే బాగుండేది. ఏ మాట విన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు విప్పితే గానీ నాకు అన్నం సహించేది కాదు. విమానంలోని బ్లాక్ బాక్స్ నిజానికి నారింజ రంగులో ఉంటుందని బస్సు కండక్టర్లకు బోధించాను. ఒక పెళ్లిచూపుల్లో హనీమూన్ అన్న మాట ఎలా పుట్టిందో అమ్మాయి తాతగారికి వివరించాను. ఆ సంబంధం టీ రాకముందే తప్పిపోయింది.

స్వప్న సంబంధం మాత్రం తప్పిపోకూడదని గట్టిగా అనుకున్నాను. ఆమె నవ్వితే నాకు తెలిసిన జీకే అంతా మరిచిపోయేవాణ్ని. నా ప్రేమకు అంతకన్నా రుజువేం కావాలి? వాళ్ల నాన్న రాజయ్యగారిది కొత్తగూడెం బొగ్గుగనిలో ఉద్యోగం. "ఆదివారం బువ్వకు రాండ్రి సారూ, బిడ్డ తన మాట గప్పుడే చెప్తది" అన్నారు.

ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాను? గని మనుషుల ఇంటికి తగిన కానుక ఏమిటా అని ఆలోచించి, పంజరంలో పసుపురంగు లవ్ బర్డ్‌ని కొనుక్కెళ్లాను.

"ఏంది సారూ, పిట్టను తెచ్చిండ్రు?" అన్నారు రాజయ్యగారు.

"ఇంగ్లీషులో 'బొగ్గుగనిలో కెనరీ' అని ఒక మాట ఉందండీ" అని అందుకున్నాను. ఇక నన్నాపడం ఎవరి తరం? "పూర్వం సీమదేశాల్లో ఆ పిట్టను గనిలోకి తీసుకుపోయేవారు. విషవాయువు ఉంటే మనిషికన్నా ముందు పిట్ట పడిపోతుంది. అంతే, అందరూ బయటికి పరుగు! అందుకే ముప్పును ముందుగా తెలిపేదాన్నల్లా కెనరీ అంటారు. నాకు కెనరీ దొరకలేదు గానీ, ఇదీ పిట్టే కదా."

"అంటే మేం బతకాల్నంటే గది సావాల్నా?" అంది స్వప్న.

"జనరల్ నాలెడ్జ్ ప్రకారం అంతేనండీ."

"మంచిగుంది మీ నాలెడ్జి" అంటూ పంజరం తన పక్కకు జరుపుకుంది.

వాళ్లమ్మగారు వేడి గారెలు పెట్టి వంటింట్లోకి వెళ్లారు. నేను గారె తుంచబోతున్నాను. ఇంతలో గొంతు పట్టేసింది. కళ్లు మండాయి. దగ్గు ఆగలేదు. పంజరం వైపు చూశాను కదా, పిట్ట పుల్లమీద లేదు! తల కింద, తోక పైన!

"గ్యాస్! పిట్ట పడిపోయింది! పరుగెత్తండి!"

నా ఆజ్ఞను అందరికన్నా ముందు నేనే పాటించాను. గని కార్మికుల వాడలో గ్యాస్ అన్న కేక వినబడితే ఎవరూ కారణం అడగరు. ఒకాయన క్యారంబోర్డు నెత్తిన పెట్టుకుని, ఒకావిడ కుక్కర్ చంకన పెట్టుకుని, వరసంతా వీధిలోకి వచ్చేసింది. నేను మూలమీద టీ హోటల్ దాకా వెళ్లి ఆగాను.

అందరికన్నా చివర స్వప్న వచ్చింది, చేత్తో పంజరం పట్టుకుని.

"గ్యాసు లేదు, ఏం లేదు. సిలిండర్ బంద్ జేసి సూసిన. అమ్మ పప్పుల మిరపకాయల తాళింపు ఏసింది."

"మరి పిట్ట?" అన్నాను, దూరం నుంచే.

"తలకాయొంచి గింజలు తింటాంది."

రాజయ్యగారు నన్ను ఎగాదిగా చూశారు. "గా చేతుల ఏంది సారూ?"

చూసుకున్నాను. గారె! పెళ్లికూతురు కావలసిన పిల్లను, అత్తమామలు కావలసినవాళ్లను, పిట్టను, అందరినీ వదిలేసి గారెను కాపాడాను. వీధి వీధంతా నవ్వింది. భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆ ఊళ్లో అందుకు గనుల కొదవ కూడా లేదు.

"ఏమంటవ్ బిడ్డా? సారును బస్సెక్కిద్దమా?" అని అడిగారు రాజయ్యగారు.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఏ మాట అర్థమూ నాకు గుర్తులేదు.

స్వప్న నన్ను చూసింది, గారెను చూసింది.

"ఉండనీయ్ నాయినా. ఇంట్ల ఏ ముప్పొచ్చినా అందరికన్న ముందు ఈయనే ఉరుకుతడు. ఇంక పిట్టతోటి పనేంది?"

నలుగురి మధ్యా ఆ గారె చేతబట్టుకునే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్లీ ఏ మాటకూ పుట్టుపూర్వోత్తరాలు చెప్పను. నోరాగక చెప్పినా, తాళింపు వేళ చెప్పను. ఖర్మకాలి ఆ వేళే చెప్పినా, పరుగెత్తేటప్పుడు స్వప్న చెయ్యి వదలను.