టేకు పడవకు ఇరవై రోజులు

మొన్న ఎదురింటివాళ్లు కొత్త గుమ్మానికి వార్నిష్ వేయిస్తుంటే ఆ వాసన మా వరండాదాకా వచ్చింది. వచ్చేపోయేవాళ్లంతా కొత్తింటి వాసన అని మురిసిపోతున్నారు గానీ, నేను మాత్రం లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. మన ఈడువాళ్లలో గల్ఫు చూసొచ్చిన ప్రతివాడికీ ఇలాంటి వాసన ఏదో ఒకటి మిగిలే ఉంటుందనుకుంటాను.

ఎనభైల చివర్లో నేను ఒమాన్‌లో, షినాస్ తీరాన ఒక అర్బాబు, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని దగ్గర పనిచేసేవాణ్ణి. వలలు, తాళ్లు, రంగులు అమ్మే ఆయన దుకాణం నేనే చూసుకునేవాణ్ణి. జగిత్యాలలో మా నాన్నది కిరాణా, మేనమామది బట్టల కొట్టు. మా ఇంట్లో పిల్లలకు నడక కన్నా ముందు బేరం వస్తుంది. ఎదుటివాడు ఎంత చెప్పినా అందులో సగం గాలి అనీ, ఆ గాలి తీయడమే మన విద్య అనీ నా నమ్మకం. డాక్టరు ఆరు మాత్రలు రాస్తే నాలుగుకు ఒప్పించి వచ్చిన ఘనుణ్ణి. జ్వరం తగ్గలేదన్నది వేరే సంగతి.

అర్బాబుకు తండ్రినాటి టేకు పడవ ఒకటి ఉండేది. ఏటా దానికి సొరచేప నూనె పట్టించేవారు. ఆ కంపు భరించలేం గానీ, కట్టె మాత్రం ఇనుములా ఉండేది. ఒక సంవత్సరం, ఇంకో నెలకు మస్కట్ నుంచి కాబోయే వియ్యాలవారు వస్తున్నారని, ఈసారి కంపు వద్దు, పడవ అద్దంలా మెరవాలి అన్నాడాయన. నేను వెంటనే మన దుకాణంలో వార్నిష్ ఉందన్నాను. పని మా రూమ్‌లోనే ఉండే వడ్రంగి, వడ్ల అన్నకు అప్పగించారు. కోరుట్ల మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద, నన్ను ఎగతాళిగా సేటూ అని పిలిచేవాడు. తమ్ముణ్ణి కూడా ఇక్కడికే తెచ్చుకోవాలని, వీసా కోసం వాడి ఫోటోలు అర్బాబు చేతికిచ్చి, ఆయన దయ కోసం ఎదురుచూస్తున్న రోజులవి.

అన్న పడవ చుట్టూ ఒకసారి తిరిగి, పలకను గోటితో గీకి, ఆ గోరు వాసన చూసి, ఇరవై రోజులు అన్నాడు. నా రక్తం ఊరుకుంటుందా, ఎనిమిది అన్నాను.

"సేటూ, గిది కందిపప్పు బేరం గాదు. ఏండ్లసంది నూనె తాగిన కట్టె. గీకాలె, థిన్నర్‌తోని తుడువాలె, ఎండాలె. ఈ సముద్రం గాలికి ఒక్కొక్క పూత ఆరుడే రెండు దినాలు."

"సరే అన్నా, నీ మాట వద్దు, నా మాట వద్దు. పది జేసుకుందాం."

"నేను ఎక్కువ జెప్తె గదా నువ్వు తగ్గించేది" అని నవ్వాడు.

చెప్పిన మాటలో గాలి లేని మనిషిని నేను అంతవరకూ చూడలేదు, అందుకే గుర్తుపట్టలేకపోయాను. నెల గడువుంది, ఎవరూ తొందరపెట్టలేదు. అయినా ఇరవైని పది చేశానన్న మెప్పు కోసం నేనే వెళ్లి అర్బాబుకు మాట ఇచ్చి వచ్చాను. ఇక అన్న పనిలోకి దిగాడు. నేను తుడవాల్సినంత తుడవనీయలేదు, ఆరాల్సినంత ఆరనీయలేదు. పదో రోజుకు పడవ తళతళలాడింది. అర్బాబు నా భుజం తట్టాడు, నేను పొంగిపోయాను.

వియ్యాలవారు వచ్చిన రోజు వాళ్ల పెద్దాయన పడవెక్కుతూ అంచు పట్టుకున్నాడు. చేయి తీస్తే వార్నిష్ పొర కుబుసంలా లేచి ఆయన అరచేతికి అంటుకుని వచ్చింది. దాని కింద కట్టె తడితడిగా నల్లబడి ఉంది. అర్బాబు నావైపు తిరిగి, ఈ పని ఎవరిదని హిందీలో అడిగాడు. పది రోజులన్నది నేనే అని చెప్పడానికి ఒక్క ముక్క చాలు. బజార్లన్నీ గెలిచిన నా నోరు ఆ పూట పెగల్లేదు. చూపు మాత్రం పక్కనే నిలబడ్డ అన్న మీదికి పోయింది. అర్బాబుకు ఆ చూపు చాలింది.

వారం తిరిగేలోపు అన్న వీసా రద్దు చేశారు. తమ్ముడి ఫోటోలు వెనక్కి ఇచ్చేశారు. అన్న ఉలులను పాత లుంగీలో చుట్టుకుంటుంటే, అర్బాబుకు నిజం చెబుతానన్నాను.

"ఇప్పుడు జెప్తె ఇద్దరం పోతం. నువ్వన్న ఉండు" అన్నాడు. మూట ముడి బిగిస్తూ, "గా పొర మొత్తం గీకి, మంచిగ ఎండినంక మల్ల నూనె పట్టియ్యి, లేకుంటె కట్టె పాడైతది" అన్నాడు. నన్ను ఒక్క మాటా అనలేదు, సేటూ అని కూడా అనలేదు.

ఆ చలికాలం నేనే దగ్గరుండి గీకించి నూనె పట్టించాను. ఇరవై మూడు రోజులు పట్టింది.

తొంభైలు నడిచేకొద్దీ ఆ ఒడ్డుకు ఫైబర్ పడవలు వచ్చాయి. వాటికి నూనె వద్దు, ఎండ వద్దు, కట్టెను గోటితో గీకి రోజులు చెప్పే మనిషీ వద్దు. ఇక్కడా అంతే, ధరలన్నీ అచ్చువేసే ఉంటున్నాయి, నాలాంటి బేరగాళ్లతో ఎవరికీ పని లేదు. ఒకసారి సెలవులో వచ్చినప్పుడు కోరుట్లదాకా వెళ్లాను. బస్టాండులో చాయ్ తాగుతూ చాలాసేపు కూర్చున్నాను. వడ్ల అన్న ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపించేవారే. అడగకుండానే తిరుగు బస్సు ఎక్కాను.