హుసేన్‌బీ ఇంటికి ఏ కంపెనీ ప్లేట్లు?

2022 వేసవి. కర్నూలులో సోలార్ దుకాణం పెట్టి అప్పటికి ఏడేళ్లు. అంతకుముందు నందికొట్కూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ని. సోలార్ ప్యానెల్‌ను మా వైపు జనం ప్లేటు అంటారు, నేనూ అదే అంటాను. దుకాణానికి ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే, "ఏ కంపెనీ మంచిదప్పా?" నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. బాగా పేరున్న కంపెనీ ఒకటి చెప్పి, ఇరవై అయిదేళ్ల వారంటీ కాగితం ముందు పెట్టేవాణ్ని. దాదాపు అందరూ అంతటితో ఒప్పుకునేవారు. హుసేన్‌బీ ఒప్పుకోలేదు.

ఆమెది బేతంచెర్ల. ఇంట్లోనే బట్టలు కుట్టేది. భర్త మౌలాలి ముప్పై ఏళ్లు నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద పనిచేశాడు. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టర్లు ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ పెట్టుకోమన్నారు. గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసి, సన్నటి గొట్టంతో ముక్కుకు అందించే మిషన్ అది. రోజులో ఎక్కువసేపు నడుస్తూనే ఉండాలి. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్ గంటకు మించి దాన్ని లాగలేకపోతోందని నాకు ఫోన్ చేశారు.

నేను వెళ్లేసరికి మౌలాలి గడప దగ్గర కుర్చీలో, గొట్టం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మిద్దె కొలిచాను. మామూలు సోలార్ సిస్టమ్ లైన్‌లో కరెంటు ఉంటేనే పనిచేస్తుందని, అది పోగానే తానూ ఆగిపోతుందని, అందుకని మీకు హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ కావాలని చెప్పాను. హైబ్రిడ్ అంటే ప్లేట్ల కరెంటును, బ్యాటరీని, లైన్‌ను మూడింటినీ వాడుకోగలిగేది. ఆమె శ్రద్ధగా విన్నది. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. నేను అలవాటైన పేరే చెప్పాను.

"ఈ కంపెనీవి నువ్వు ఏసినవాట్లో బాగా పాతవి యాడ ఉండాయి?" అంది.

"నందికొట్కూరులో ఉండాయక్కా. ఆరేండ్లయింది."

"ఇప్పుడెట్లుండాయి?"

"బాగుంటాయిలే. ఇరవై అయిదేండ్ల వారంటీ గదా."

ఆమె మౌలాలి వైపు చూసింది. "ఇరవై అయిదేండ్ల కాగితం నేనేం చేసుకోవాలప్పా. ఈయన మిషను ఒక్క పూట ఆగితే మాకు ఆ కాగితంతో పనే ఉండదు. ఆ ఇల్లు చూపియ్యి. నేను చూసినాకనే ఆర్డరిస్తా."

నాకు చిరాకేసిన మాట నిజం. ఆమెను అంత దూరం తీసుకుపోవాలంటే ఒక రోజు పని పోతుంది. అయినా మర్యాదకు ఒప్పుకున్నాను. రెండు రోజుల తర్వాత, భర్త దగ్గర ఆడబిడ్డను ఉంచి, హుసేన్‌బీ నా వ్యాన్‌లో నందికొట్కూరు వచ్చింది.

ఆ ఇల్లు రిటైర్డ్ టీచర్ వెంకటరమణ సార్‌ది. మొదట్లో నా మీద నమ్మకముంచి సోలార్ పెట్టించుకున్న మనిషి. ప్లేట్లు బిగించి, ఇన్వర్టర్ ఆన్ చేసి, ఫొటో తీసుకుని వచ్చినవాణ్ని, మళ్లీ ఆ మిద్దె ఎక్కలేదు. ఆయన తీసుకుపోయి చూపించాడు. పైనుంచి ప్లేట్లు నీలంగా, శుభ్రంగా మెరుస్తున్నాయి. నేను తృప్తిగా, "చూడక్కా, కొత్తవాటి మాదిరే ఉండాయి" అన్నాను.

హుసేన్‌బీ పైవైపు చూడలేదు. ప్లేట్లు వాలుగా ఉంటాయి కాబట్టి వెనక సందులోకి మనిషి వంగి చూడొచ్చు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని లోపలికి వంగింది. వెనకవైపు తెల్లటి పొర మీద వేలు పెట్టి రాసింది. వేలికి తెల్లగా అంటుకుంది.

"ఈడ కూడా రాతిపొడి ఉండాదా?" అని సార్‌ను అడిగింది.

"ఈ చుట్టుపక్కల రాళ్ల ఫ్యాక్టరీలే లేవమ్మా" అన్నాడాయన.

అప్పుడు నేనూ వంగాను. అది దుమ్ము కాదు. ప్లేటు వెనక ఉండే ఆ పొరను బ్యాక్‌షీట్ అంటారు. లోపలి సెల్స్‌కు తేమ తగలకుండా, కరెంటు బయటికి కారకుండా కాపాడేది అదే. నాసిరకం పొర అయితే మా ఎండలకు సుద్దలాగా పొడి రాలుతుంది, తర్వాత పగుళ్లిస్తుంది. చేత్తో తడిమితే సన్నటి పగుళ్లు తగిలాయి. పక్క ప్లేటుకూ, దాని పక్కదానికీ అంతే.

"సార్, ఇన్వర్టర్ ఎప్పుడన్నా ఆగుతాండాదా?" అని అడిగాను.

"వాన పడిన మర్నాడు పొద్దున పదింటిదాకా ఎర్ర లైటే అప్పా. రెండుసార్లు నీకు ఫోన్ చేస్తి. మబ్బు పట్టుంటాది సార్, ఎండొస్తే అదే వస్తాదిలే అంటివి. నువ్వన్నట్లే ఎండొస్తే వచ్చేది. ఇంక నేనూ పట్టించుకోలా."

అప్పుడు నాకు అర్థమైంది. పగుళ్లలో తేమ చేరినప్పుడు కరెంటు ఫ్రేమ్‌లోకి కారుతోంది, ఇన్వర్టర్ అది పసిగట్టి తనంతట తాను ఆగిపోతోంది. వ్యాన్‌లోంచి మెగ్గర్ తెచ్చాను. కరెంటు అలా కారుతోందా లేదా అని కొలిచే మీటర్ అది. ఎండకు అన్నీ ఆరిపోయి ఉన్నా రీడింగ్ ఉండాల్సినదానికి చాలా తక్కువ వచ్చింది. వాన తడిలో ఎవరైనా ఫ్రేమ్ పట్టుకుని ఉంటే ఏమయ్యేదో సార్‌కు చెప్పి, అప్పుడే సిస్టమ్ ఆపేశాను. "తప్పు నాది సార్. మీరు ఫోన్ చేసిన రోజే వచ్చి చూడాల్సింది" అన్నాను. ఆయన కోప్పడలేదు. కిందికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. అది తాగడం నాకు తిట్లు తినడం కంటే కష్టమైంది.

తిరిగి వస్తుంటే వ్యాన్‌లో నేనే అన్నాను, "అక్కా, నేను చెప్పిన కంపెనీ నీకు వద్దు. నువ్వు ఇంకొకర్ని చూసుకున్నా నేనేమీ అనుకోను."

"తప్పు యాడుండాదో చూసేదానికే గదా పోయినాము" అంది ఆమె. "కనపడింది. నువ్వు సార్ ముందరే ఒప్పుకుంటివి. ఇంకొకాయప్ప ఒప్పుకుంటాడని నాకేం నమ్మకం? ఇంకో మిద్దె చూపియ్యి."

కర్నూలులో పిండిమిషన్ నడిపే రంగమ్మ ఇంటికి తీసుకుపోయాను. అక్కడివి నేను వేసినవి కావు, నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ వేసినవి. పెద్దగా ప్రకటనలు కనపడని కంపెనీ, అందుకే నేనెప్పుడూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఏడేళ్ల ప్లేట్లు. వెనక పొర నున్నగా ఉంది, వేలికి ఏమీ అంటలేదు. జంక్షన్ బాక్స్, అంటే వెనక వైర్లు కలిసే చిన్న డబ్బా, ఎక్కడా ఊడలేదు, కాలలేదు. ఒక్క ప్లేటు మాత్రం మిగతావాటికంటే కొత్తగా కనిపించింది.

"అది చెడిపోయిందమ్మా" అంది రంగమ్మ. "కంపెనీకి ఫోన్ చేస్తే దాని మీదుండే నెంబరు అడిగినారు, ఫొటో పంపమన్నారు. రెండు వారాల్లో కొత్తది వచ్చింది. నేను యాడికీ తిరగలా."

హుసేన్‌బీ నా వైపు తిరిగింది. "చెడిపోనిది కాదప్పా, చెడిపోతే వచ్చి చూసేది కావాల."

ఏడేళ్ల కింద బాగున్న ప్లేటు పేరుతో ఇప్పుడు వస్తున్నది కూడా అదే సరుకని నమ్మడానికి లేదు. పేరు అదే ఉన్నా లోపలి పొరలు మారిపోవచ్చు. ఆ సంగతి తెలిసి కూడా నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు. ఈసారి డీలర్‌కు ఫోన్ చేసి బ్యాక్‌షీట్ దేనితో చేస్తారని అడిగితే ఆయనకు తెలియదు. పట్టుబట్టి కంపెనీ ఇంజనీర్‌తో మాట్లాడాను. రెండువైపులా గాజు ఉండే రకం ఉందని, దానికి ఆ ప్లాస్టిక్ పొరే ఉండదని ఆయన చెప్పాడు. బరువెక్కువ, స్టాండు గట్టిగా కట్టాలి. ఆ మాటే హుసేన్‌బీకి చెబితే, "బరువైతే మిద్దె మోస్తాదిలే" అంది. ప్లేట్లు వచ్చిన రోజు ఒక్కోదాని నెంబరు వారంటీ కాగితంలో ఉన్నదానితో సరిచూసి, ఆమె చూస్తుండగా బిగించాను.

మరుసటి వేసవిలో ఆ వైపు పెద్ద గాలివాన వచ్చింది. స్తంభాలు పడిపోయి బేతంచెర్లలో కరెంటు లేదని తెల్లవారాక తెలిసింది. వెంటనే ఫోన్ చేశాను. మౌలాలే ఎత్తాడు.

"అన్నా, మిషన్?"

"నడుస్తాండాదప్పా. రాత్రంతా బ్యాటరీ మీద నడిచింది. ఇప్పుడు ఎండొచ్చింది, మళ్లీ నిండుతాండాది." ఆగి, ఊపిరి తీసుకుని అన్నాడు, "మా ఆమె మిద్దె మీద ప్లేట్లు కడుగుతాండాది. పిలవాల్నా?"

వద్దన్నాను. లైన్ బాగుపడడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పొద్దున, సాయంత్రం ఫోన్ చేస్తూనే ఉన్నాను. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

వెంకటరమణ సార్ ప్లేట్ల కోసం ఆ పెద్ద కంపెనీతో చాలా నెలలు పోట్లాడాల్సి వచ్చింది. ఫొటోలు, మెగ్గర్ రీడింగులు పంపగా పంపగా చివరికి మార్చారు. అదే రకం ప్లేట్లు నేను బిగించిన మిద్దెలు ఇంకా ఉన్నాయి. ఎవరూ పిలవకుండానే ఒక్కొక్కటీ ఎక్కాను. కొందరు తిట్టారు. ఒకాయన, "నువ్వే అమ్మి, నువ్వే బాగలేదంటే ఎట్లప్పా?" అన్నాడు. మూడు ఇళ్లలో పగుళ్లు కనపడ్డాయి. ఎవరికీ ఏమీ కాకముందే ఆపగలిగాను.

ఇప్పుడు ఏ కంపెనీ మంచిదని అడిగితే వెంటనే పేరు చెప్పను. మీ ఊరి ఎండలో అయిదారేళ్లు ఉన్న ప్లేట్లను చూసి రమ్మంటాను, వెనకవైపు కూడా చూడమంటాను. చెడిపోయినప్పుడు ఎవరు వచ్చారో ఆ ఇంటివాళ్లనే అడగమంటాను. నేను బిగించిన ప్రతి మిద్దెనూ ఏడాదికోసారి ఎక్కుతాను. ఈ పనిలో ఏడేళ్లున్నా, ప్లేటు బిగించడంతో నా పని అయిపోయిందనే అనుకున్నాను. అది అక్కడ మొదలవుతుందని నాకు నేర్పింది హుసేన్‌బీ. నా మాట ఆమె ఆ రోజు నమ్మేసి ఉంటే, ఆ మిద్దెల మీద ఏం జరుగుతోందో నాకు తెలిసేది ఎవరికో ప్రాణం మీదికి వచ్చాకే. నమ్మనందుకు ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.