రెక్క కింద మెట్లక్క

మెట్లక్క ఒంటిచేత్తో విమానాన్ని ఎత్తి పట్టుకుంది. నమ్మనివాళ్లు వెళ్లి ఆవిడ ఎడంచేతి వాపు చూసుకోవచ్చు.

సైనిక శిక్షణ విమానాలకు మరమ్మతు చేసేవాళ్లు నిలబడే ఇనుప మెట్లు, చక్రాల మంచెలు వెల్డింగు చేయడం ఆవిడ పని. ఈసారి ఆర్డరు ఇప్పించింది మరిది, విమానాల షెడ్డులో పెద్ద మెకానిక్కు. "మా వదిన కట్టిన మంచె మీద ఏనుగు చిందులేసినా కిర్రుమనదు" అని పై అధికారి ముందు కోతలు కోసేశాడు. రెక్క మీద చిన్న గాటు పడినా ముందు ఊడేది అతని ఉద్యోగమే. ఆ బెంగతో మెట్లక్కకు ఉదయం నుంచి ముద్ద దిగలేదు.

మంచెను రెక్క కిందికి తోసి, అది కదలకుండా దాని చక్రాలు గాల్లోకి లేచేదాకా నాలుగు మూలలా స్క్రూ జాకీలు బిగించారు. రెక్కలోని ఇంధనం ట్యాంకుకు కొత్తగా అతుకు వేశారు. దాన్ని నింపి, ఎక్కడైనా కారుతోందేమో మంచె మీంచి చూడాలి. మంచె అంచున పట్టుకునే ఇనుప కమ్మీకీ రెక్కకూ మధ్య పిడికిలి పట్టేంత సందు ఉంది.

పంపు మొదలైంది. పైన నిలబడ్డ మెట్లక్క ఊరికే ఉండలేక సందులో పిడికిలి పెట్టబోయింది. పట్టలేదు.

కొలతలు తీసిననాడు ట్యాంకులు ఖాళీ! నిండేకొద్దీ విమానం తన కాళ్ల మీద తానే కుంగుతుందన్న సంగతే ఆవిడకు తట్టలేదు. కమ్మీకి రబ్బరు తొడుగు కూడా రేపు వేద్దాంలే అనుకుంది.

"అబ్బాయ్, రెక్క దిగుతోందిరా!"

"దిగక, షెడ్డులోనే ఎగురుతుందా వదినా?"

"నీ వేళాకోళం తగలెయ్య, పంపు ఆపించు! కమ్మీకి తగిలేట్టుంది!"

మరిది మొహం పాలిపోయింది. అతను కేకేసి పంపు ఆపించేలోగా రెక్క ఇంకాస్త కుంగింది. మెట్లక్క అరచెయ్యి సందులో దూర్చేసింది. ఒక్క జాకీనే వదిలితే మంచె వాలిపోయి రెక్కను పొడుస్తుంది. అందుకని అతను ఒక్కో మూల ఒక్కో చుట్టు వదులుతూ మంచె చుట్టూ గానుగెద్దులా పరిగెత్తాడు.

"చెయ్యి తీసెయ్ వదినా!"

"తీస్తే ఇనుము తగులుతుంది. మాట్లాడకుండా తిప్పు!"

మంచె చక్రాలు నేలను తాకాయి. సందు తెరుచుకుంది. మంచెను వెనక్కి లాగి, మరిది టార్చి వేసి రెక్క అడుగంతా తడిమాడు. గీత కూడా లేదు. అప్పుడుగానీ మెట్లక్కకు ఊపిరాడలేదు.

ట్యాంకులు నిండుగా ఉండగానే మళ్లీ కొలిచి, కమ్మీ కోసి, మడిచేందుకు వీలుగా బందులు వేసింది. మరిది మాత్రం కనపడ్డవాడికల్లా వదిన విమానాన్ని ఎత్తిన కథే చెబుతున్నాడు. నిజమేనా అని అడిగితే ఆవిడ అంటుంది: "ఎత్తడమా, నా మొహం! కొలత తప్పింది, చెయ్యి నలిగింది. అంతే."