పిన్నిగారి కుర్చీ

నర్సింగ్ పాసై ఇంటికొచ్చిన పిల్లకి అందరూ నూరిపోసింది ఒక్కటే: పిన్నిలా అవ్వు. పిన్ని మామూలు నర్సు కాదు మరి! పై కోర్సు చదివి, మందులు రాసే అధికారం తెచ్చుకుని, క్లినిక్కులో సొంత గది సంపాదించింది. తలుపు మీద పేరు, లోపల తిరిగే కుర్చీ. ఒకసారి కూలబడ్డాక లేవడమన్నది ఆవిడ చదివిన చదువులో లేదు.

"నా కోర్సులోనే నీకూ సీటు చెప్పి ఉంచానే. రేపటికల్లా సరేనంటే చాలు. ఈలోగా ఓ పూట నా గదికొచ్చి చూడు," అంది పిన్ని, సీటేదో తన పెరట్లో కాసినట్టు.

పిల్ల వెళ్ళింది. పిన్ని వైభవం కళ్ళారా చూసింది. వచ్చినవాళ్ళ మొహమైనా చూడకుండా కంప్యూటర్‌ని పరామర్శిస్తోంది మహాతల్లి. మధ్యలో సొరుగు లాగి తన షుగర్ మాత్ర వేసుకుంది. ఆ పూట ఆ గదిలో జరిగిన వైద్యం అదొక్కటే.

ఒక ముసలాయన కుంటుకుంటూ వచ్చాడు. "కాలు మొద్దుబారిందమ్మా."

"షుగరుంటే అంతే తాతా, మాత్ర మారుస్తాలే," అని పిన్ని టకటకా కొట్టేసింది.

పిల్లకి ఒళ్ళు మండింది. నేలమీద కూర్చుని ఆయన సాక్స్ విప్పింది. గదంతా కంపు. బొటనవేలు నల్లగా మాడిపోయి ఉంది. ఆయన్ని అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చింది. పిన్ని మాత్రం ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ముందా కిటికీ తెరువు," అంది. ఛీ! ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ నెత్తిన పెట్టుకున్నది ఈవిడనా!

మర్నాడు భోజనాల దగ్గర పిల్ల తేల్చి చెప్పేసింది. "నాకా కుర్చీ వద్దు. మానని పుళ్ళు చూసే స్పెషలిస్టు నర్సు కోర్సుంది, అందులో చేరతాను."

అమ్మ మండిపడింది. "పుళ్ళు కడగడానికా నిన్నింత చదివించింది?"

"దాని రాత అక్కా! కుర్చీ వేస్తానంటే నేలే కావాలంటోంది," అని పిన్ని పకపకా నవ్వింది.

పిల్ల చెయ్యి కడుక్కొచ్చి నిజంగానే పిన్ని ముందు నేలమీద కూర్చుంది. "నీకూ షుగరొచ్చి ఏళ్ళయింది కదా పిన్నీ. ఏదీ, కాళ్ళు చూపించు."

పిన్ని నవ్వు ఆగిపోయింది. చలి అని సాకు చెప్పి ఇంట్లో కూడా విప్పని సాక్సులవి. కాళ్ళు రెండూ మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంది.

వడ్డిస్తున్న అమ్మ చేతిలో గరిటె ఆగింది. చెల్లెలి మొహం వంక, కాళ్ళ వంక మార్చి మార్చి చూసింది.

"చూపించవే," అంది.