ముందు రోజు పంపిన చీటీ

నిన్న సాయంత్రం టీవీలో, ఎదురొచ్చే క్షిపణిని మన క్షిపణి ఆకాశంలోనే పడగొట్టిన పరీక్షను చూపిస్తుంటే, మా అల్లుడు ఫోన్ చూసుకుంటూ, "మామయ్యా, మీ మేనల్లుని కంపెనీ షేర్ గింత పెరుగుతదనుకోలే" అన్నాడు. నేను లోపలికి వెళ్లి పాత డైరీల పెట్టె తెరిచాను.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, తిరుమలగిరి నుంచి స్కూటరు మీద చిన్న చిన్న వర్క్‌షాపులకు వెళ్లి క్షిపణుల విడిభాగాలు తనిఖీ చేయడం నా పని. శత్రువు క్షిపణిని రాడార్ పసిగట్టి, అది ఏ దారిన వస్తుందో లెక్కగట్టి, మనది ఎదురు పంపడానికి ఉండేది కొద్ది నిమిషాలే. ఎగిరేటప్పటి కుదుపులకు తీగలను కలిపే కనెక్టర్ ఒక్కటి వదులైనా అంత శ్రమా గాలిలో కలిసినట్టే. ఆ కనెక్టర్లను సీతాఫల్‌మండిలోని రెండు గదుల్లో మా బావ, అంటే అక్క భర్త, చేయించేవాడు. సొంతవాళ్ల సరుకు నాకు వద్దని పైవాళ్లకు చెప్పవలసింది. చెప్పలేదు, అది నా తప్పే.

కనెక్టర్ల పెట్టెలో ఏ నంబరు ముక్కలను పరీక్షిస్తామో ముందు రోజే చీటీ రాసి పంపడం అప్పటి అలవాటు, వాళ్లు తీసి సిద్ధంగా ఉంచుతారని. చీటీలో రాసినవి పరీక్షలో ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదని అప్పట్లో ఒక రాత్రి నా డైరీలు తిరగేస్తే తెలిసింది. మర్నాడు చీటీలో లేని ఐదింటిని, కుదిపి చూసే వైబ్రేషన్ టేబుల్ మీద పెట్టాను. మూడు వదులయ్యాయి.

"చీటీల ఉన్నయి ఇడిసిపెట్టి గవెందుకు తీసినవ్ బామ్మర్ది? దుష్మన్ సుత గింత సతాయించడు" అన్నాడు బావ నవ్వుతూనే.

"దుష్మన్ ముందు రోజు చీటీ పంపడు గద బావా" అన్నాను.

ఆ ఆర్డరు పోతే వర్క్‌షాపు మూతబడుతుందని అక్క మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది, తిట్టింది. నేను సంతకం పెట్టలేదు. వారం తిరగకుండా అదే పెట్టె వేరే ఇన్‌స్పెక్టరు సంతకంతో వెళ్లిపోయింది. ఆ రాఖీ పండక్కి అక్క రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు ఆ కనెక్టర్లే చేసే అక్క కొడుకువి పెద్ద పెద్ద షెడ్లు. నిన్న ఎదురొచ్చిన క్షిపణి కూడా మనవాళ్లు పంపినదే. ఏ వేళకు, ఏ దిక్కు నుంచి వస్తుందో ముందే ఎంతమందికి తెలుసో టీవీలో ఎవరూ చెప్పలేదు. అక్క పోయి చాలా ఏళ్లయింది. కోపం వస్తే వచ్చి తిట్టడానికి ఆమెకు నా గుమ్మమైనా ఉండేది. నా అనుమానం తీర్చమని అడగడానికి నేను ఎవరి గుమ్మానికి వెళ్లాలో ఈ రోజుల్లో తెలియడం లేదు.