సముద్రానికి, వయా వేములవాడ

విశాఖపట్నం పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాపం, ఆ ఊరు నన్నేమీ చేయలేదు. నేను దాని మొహమే చూడలేదు. ముగ్గురు స్నేహితుల ఏడు రోజుల వేసవి ప్రయాణాన్ని ఒకే ఒక్క మనిషి, ఒకే ఒక్క పెన్నుతో, ఎవరి సాయమూ లేకుండా ఎలా తగలబెట్టాడో చెబుతాను. చదివి మీరు నవ్వుకోండి. నాకైతే నవ్వు రాదు.

ఆ మనిషిని నేనే. అప్పుడు నాకు ముప్ఫై ఆరేళ్లు. జగిత్యాలలో కాపురం, ఒక పత్రికకు జిల్లా పేజీ దిద్దే ఉద్యోగం. ఏ మండలం నుంచి ఏ వార్త వచ్చినా రవి చోటు లేదనడు, ఏదో ఒక మూల ఇరికిస్తాడు అని ఆఫీసులో నాకు పేరు. గొల్లపల్లిలో గొర్రె తప్పిపోయినా నా పేజీలో దానికి మూడు లైన్లు దొరికేవి. అదొక సద్గుణమని నమ్మేంత మూర్ఖుణ్ని.

కోరుట్ల గంగారాం, సిరిసిల్ల రాజేశం నాతో డిగ్రీ చదివినవాళ్లు. గంగారాం దుబాయిలో క్రేను నడుపుతాడు. ఆ ఎండాకాలం సెలవు మీద వచ్చి, ఏడుగురు పట్టే కారు కొన్నాడు. రాజేశం సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతాడు. సాంచాలంటారు అక్కడ. పదకొండేళ్లుగా ఒకే యజమాని దగ్గర పని, పదకొండేళ్లకు మొదటిసారి దొరికిన వారం సెలవు. అతను అడిగింది ఒక్కటే. "నాకు సముద్రం సూడాలె. ఇంకేం అద్దు."

ప్లాను రాసే పని నాకు అప్పగించారు. నేను రాసిన మొదటి కాగితం ఈనాటికీ నా కళ్ల ముందుంది. శనివారం బయలుదేరడం. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు, మధ్యలో ఐదు రోజులు సముద్రం. అక్కడితో పెన్ను మూసి జేబులో పెట్టుకోవాల్సింది. కానీ నాకొక దిక్కుమాలిన మర్యాద. గంగారాం తల్లికి ఒక మాట చెప్పకుండా ఆమె కొడుకును ఎలా తీసుకుపోతామని కోరుట్ల వెళ్లాను.

ఆమె చాయ్ ఇచ్చి, కాగితం చదివించుకుని, తీరిగ్గా అంది: "మంచిగున్నది కొడుకా. గని కొత్త బండాయె. కొండగట్టు అంజన్న కాడ పూజ గాకుంటే రోడ్డెక్కుతదా? ఎట్లనన్న అదే తొవ్వ."

నిజమే కదా, అదే దారి. రాశాను.

"ఇగ గంగడు పైలంగ అస్తే రాజన్నకు కోడెను కడతనని మొక్కుకున్న. గా మొక్కు ఎప్పుడు తీరాలె?"

కొడుకు క్షేమంగా తిరిగొస్తే వేములవాడ రాజన్న గుడికి పోయి, కోడెను తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేసి వచ్చే మొక్కు అది. సోమవారమే కట్టాలని కూడా ఆమె చెప్పింది. అదీ రాశాను. అంటే శనివారం కొండగట్టు, సోమవారం వేములవాడ. ఆదివారం ఖాళీ. ఖాళీ జాగా కనబడితే ఆ రోజుల్లో నాకు అన్నం సయించేది కాదు. ఇంటికొచ్చి మా ఆవిడ ముందు ఆ మాట అన్నాను. సిరిసిల్ల దిక్కున చందుర్తిలో ఉన్న తన చెల్లెలికి పుట్టింటి తరఫున ఒడిబియ్యం పోయాల్సి ఉందని, ఆదివారమైతే దివ్యంగా ఉంటుందని ఆవిడ కూర తాలింపు వేస్తూనే తేల్చేసింది. అంత దూరం పోయి సింహాచలం, అన్నవరం, బెజవాడ చూడకుండా వస్తామా అని గంగారాం భార్య ఫోనులో నిలదీసింది. చోటు లేదంటే నేనెలా అవుతాను?

అన్నీ గంగారాంకు చదివి వినిపించాను. "సరే తియ్," అన్నాడు. ఆ మనిషి దేనికైనా అదే అంటాడు. క్రేను నెత్తిన దించుతామన్నా అదే అంటాడేమో.

చివరి కాగితంలో బుధవారం ఎదురుగా ఇలా ఉంది: సింహాచలం, దర్శనం తర్వాత సముద్రం, బ్రాకెట్లో ఒక గంట. ఫొటో తీసి రాజేశానికి పంపాను. జవాబు రాలేదు. చదివి మురిసిపోతున్నాడనుకున్నాను.

శనివారం పొద్దున కారు మా ఇంటి ముందుకొచ్చింది. గంగారాం, తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు, మా ఆవిడ, నేను. ఏడుగురం. డిక్కీలో ఒడిబియ్యం సంచి, చీరల మూటలు. హెడ్డింగులో అక్షరాలు లెక్కపెట్టడమే వృత్తిగా బతుకుతున్నవాణ్ని, మనుషుల్ని లెక్కపెట్టలేదు. అప్పుడే మొదటి బస్సు దిగి, భుజాన బ్యాగుతో రాజేశం వచ్చాడు.

"నేను యాడ కూసోవాలె?" అన్నాడు.

"జర సర్దుకుందాం రా. ఎనుక సామాన్ల కాడ."

"బియ్యం సంచి మీదనా?"

"చందుర్తి దాకనే. ఆడ బియ్యం దిగుతయి."

ఇరవై ఏళ్ల స్నేహంలో అతని కోపం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. గొంతు పెంచలేదు కూడా. "సిరిసిల్లల బస్సెక్కి జగిత్యాల అచ్చిన. నువ్వు నన్ను బియ్యం మీద కూసోవెట్టి మళ్ల సిరిసిల్ల దిక్కే తోల్కపోతవ్. పదకొండేండ్లకు ఒక్క వారం దొరికింది రవీ. దాంట్ల నాకు గంట రాసినవ్. అది గూడ బ్రాకెట్ల రాసినవ్."

నేనన్నా తగ్గానా? ఇంతమందిని నొప్పించకుండా ప్లాను కుదర్చడం ఎంత కష్టమో నీకేం తెలుసని వీధంతా వినబడేలా అరిచాను.

"అందరికి జాగ ఇచ్చినవ్. నాకే లేకపాయె," అని అతను బస్టాండు వైపు నడిచాడు.

గంగారాం తాళం తిప్పి బండి స్టార్ట్ చేస్తూ, "సరే తియ్," అన్నాడు. ఆ క్షణంలో నేను చేయని హత్య ఒకటి నా ఖాతాలో ఉంది.

తప్పు మనదేనని తెలిశాక వచ్చే కోపం మామూలు కోపం కంటే రెండింతలు కాలుతుంది. కొండగట్టులో నిమ్మకాయల మీదుగా బండి కదిలినప్పుడు నిమ్మకాయల మీద మండిపడ్డాను. చందుర్తిలో విస్తరి ముందు కూర్చుని, ఏ పాపమూ ఎరుగని మరదలి భర్త మీద కసిరాను. సోమవారం వేములవాడ. ఎండ పెనం మీద అట్టులా వేయిస్తోంది. పెద్దావిడ మోకాళ్లు పట్టేసి నీడన చతికిలబడింది. గంగారాం చంకలో పిల్ల. కోడె తాడు నా చేతికొచ్చింది. ఆ కోడె ప్లాను వేరే. రెండుసార్లు నా కాలు తొక్కింది. ఇంతలో పెద్దావిడ, మొక్కు తీరింది గనక ఇక ఇంటికి పోదామంది. గంగారాం ఏమన్నాడో నేను చెప్పక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. వీడియో కాల్. తెర మీద రాజేశం. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పక్కన భార్య. వాళ్ల వెనక ఎంత దూరం చూసినా నీళ్లే. ఆ శనివారమే ఇంటికి పోయి, భార్యను వెంటబెట్టుకుని, వరంగల్‌లో రైలెక్కాడట.

"ఎవన్ని అడిగినవ్ రా, ఎట్ల పోవాలె, యాడ దిగాలె అని?" అన్నాను. 

"ఎవన్నో అడుగుడెందుకు? నువ్వు పంపిన ఫొటోను కాయితం మీద దించుకొని, అదే పట్టుకొని అచ్చినం. ప్లాను మంచిగనే రాసినవ్ రవీ. దేవుండ్ల పేర్లన్ని కొట్టేసిన, గంట కాడ ఐదు దినాలని దిద్దిన. గంతే."

పదిహేనేళ్లు పేజీలు దిద్దినవాడి కాగితాన్ని, డిగ్రీ అయ్యాక పెన్నుతో పనిపడని మనిషి రెండు గీతలతో దిద్దేశాడు. ఎండలో, వేలాది భక్తుల నడుమ, చేతిలో తాడుతో అక్కడే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో స్నేహితుల ప్రయాణానికి ప్లాను రాయను, ఒకరు రాసిన దానిలో వేలు పెట్టను, ఎవరి తల్లినీ చాయ్ తాగుతూ సలహా అడగను. సాక్ష్యానికి దగ్గరలో ఉన్నది కోడె ఒక్కటే. అది ఒట్టు పూర్తిగా వినకుండానే మూడోసారి నా కాలు తొక్కింది.