సగం తిప్పి ఆగమన్న ఖాజా సాబ్

హాలియా ఎగువన కాలువ గేట్లను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న ఖాజా సాబ్ శుక్రవారం కన్నుమూశారు. ఆ దుర్వార్త దిగువ గేట్ల దగ్గరుండే నాకు ఆదివారం గానీ చేరలేదు. సైకిల్ మీద వచ్చిన ఆయన అల్లుడు, "మామ పోయిండన్నా. మొన్ననే మట్టి ఇచ్చినం" అన్నాడు.

ఆయనకూ నాకూ మధ్య ఉన్నది గట్టు వెంట వేసిన ఒక్క ఫోన్ తీగ. అది గాలికి తెగేది, వానకు మూగబోయేది. మేం ముఖాముఖి కలిసింది బహు తక్కువ. గట్టు మీద ఒంటిగా బతికే నాకు ఆ గొంతే ఇరుగూ పొరుగూ. "ఏం కూర వండినవ్ రాములూ?" అని అడిగాకే నీటి మట్టం అడిగేవారు. పప్పు అని చెబితే, "రోజూ అదేనా? జర నాలుకను గూడ అర్సుకోవయ్యా" అని ఎత్తిపొడిచేవారు.

ఒకసారి తీగ తెగి ఉండగా దిగువ ఆయకట్టుకు నీళ్లు తగ్గాయి. కొరత తీర్చాలని ఆయన పైన గేట్లు ఎత్తారు. అదే కొరత తీర్చాలని నేనూ ఎత్తాను. నీళ్లు పొంగి చివరి పొలాల్లో నారు కొట్టుకుపోయింది. బెదిరి ఇద్దరం దించేశాం, ఈసారి మళ్లు ఎండాయి. రైతులు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు.

ఆ సౌజన్యమూర్తి ఎవరి మీదా నెపం వేయలేదు. తీగ బాగుపడగానే, "ఒకల్నొకలం అడగకుండ ఇద్దరం మంచే చేసినం. గదే చెడ్డదైంది" అన్నారు. ఆపై మా ఇద్దరికీ ఒక కట్టడి పెట్టారు: తీగ పలకనప్పుడు అవతలివాడు చివరిసారి చెప్పిన మట్టాన్ని నమ్మాలి, గేటు చక్రం మాత్రం కావలసినదాంట్లో సగమే తిప్పాలి. "పాత కబురుకు సగమే తిప్పి ఆగు. కడమ సగం నేను తిప్పుతుంటనని యాదుంచుకో." ఆ నమ్మకంతోనే ఎన్నో వానాకాలాలు గడిపాం. మాట కలవకున్నా నీళ్లు ఒక మట్టానికి వచ్చి నిలిచేవి.

శుక్రవారం పొద్దున కూడా మట్టం చెప్పి, గాలివాన వచ్చేట్టుందన్నారు. కాసేపటికే తీగ తెగింది. వరి పొట్ట మీదుంది, నీళ్లు అటూ ఇటూ అయితే పంట దక్కదు. నా సగం తిప్పి ఆగాను. నీళ్లు నిలకడగా వచ్చాయి. శనివారమూ అంతే. అవతల ఆయన ఉన్నారన్న ధీమాతో పప్పు వండుకుని తిన్నాను.

తన సగం తిప్పి గట్టు మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదని అల్లుడు చెప్పాడు. పెద్దలు పోతే ఆ లోటు పూడ్చలేనిదంటాం. రెండు రోజులపాటు ఆ లోటు ఉన్నదనే నాకు తెలియనివ్వలేదు ఖాజా సాబ్. అది తలచుకున్నప్పుడల్లా ఏడుపు ఆగడం లేదు.